ఎక్కకుండానే ఎక్కిన పెట్టె

పోయిన వారం జాడలమ్మను కుర్చీలోంచి సగం లేచిన మనిషిని లేచినట్టే వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆ నడుం అలాగే వంగి ఉంది. ఇక లేవనిద్దాం.

లేచేలోపు జరిగిన సంగతి కాస్త గుర్తు చేసుకుందాం. విమానాల్లో పార్సిళ్లు పంపే ఆ ఎక్స్‌ప్రెస్ కంపెనీ హబ్బులో నెలన్నరలో మూడు పెట్టెలు పోయాయి. మూడూ చెప్పుల డబ్బాలంత చిన్నవి, ఆస్పత్రి యంత్రాల్లో బిగించే ఖరీదైన భాగాలున్నవి. కంప్యూటర్‌ని అడిగితే మూడూ విమానం ఎక్కాయంటుంది. విమానం దిగిన ఊరిని అడిగితే ఒక్కటీ రాలేదంటుంది. పెద్దాఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి అటు తిరిగి ఇటు తిరిగి చివరికి దాన్ని కాటా తాత మెడకు చుట్టాడు. తాత తూచి రాసిన బరువులన్నీ కలిపితే ఒక లెక్క, విమానాశ్రయంలో తూచితే ఇంకో లెక్క వస్తోందట. అందుకని తాత దొంగ అట. ఇరవై తొమ్మిదేళ్లు ఒకే కాటా దగ్గర నిలబడిన మనిషిని ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఉద్యోగంలోంచి పీకేస్తూ కాగితం మీద సంతకం పడుతుంది. ఆలోగా అసలు మనిషి పేరు చెప్పగలిగితే జాడలమ్మ వచ్చి చెప్పొచ్చు.

జాడలమ్మ అసలు పేరు ఆ హబ్బులో ఎవరికీ గుర్తులేదు. ట్రేసింగ్ సెక్షన్‌కు ఆమే పెద్ద. దారితప్పిన పెట్టెల జాడ తీయడం ఆమె పని. చిరునామా చిరిగిపోయిన పెట్టెల్ని, ఒక దేశానికి బదులు ఇంకో దేశంలో దిగి బిక్కమొహం వేసుకున్న పెట్టెల్ని పదహారేళ్లుగా వెనక్కి రప్పిస్తూనే ఉంది. "జాడలమ్మ చెవిన వెయ్యి, అదే నడుచుకుంటూ వస్తుంది" అని డ్రైవర్లు వేళాకోళమాడతారు. అలాంటిది ఈ మూడు పెట్టెల దగ్గర ఆమె పరువు గంగలో కలిసేలా ఉంది.

ఇంతకీ ఆమె కుర్చీలోంచి ఎందుకు లేచిందంటే, పొద్దున్న కంప్యూటర్ తెర మీద ఒక వింత కనపడింది.

ఆ హబ్బులో ప్రతి పెట్టెకూ ఒక లేబుల్ ఉంటుంది. మనిషి పెట్టెను ఎత్తి, విమానంలోకి వెళ్లే నిలువెత్తు అల్యూమినియం డబ్బాలో పెట్టి, చేతిలోని స్కానర్ గన్నుతో లేబుల్ మీద బీప్ కొట్టాలి. బీప్ పడిందంటే పెట్టె ఎక్కినట్టే, అక్కడితో వాదన లేదు. కొత్తగా సెక్షన్‌లో చేరినవాళ్లకు జాడలమ్మ మొదటి రోజే చెప్పేది: "మనిషి మర్చిపోతాడు, మాట మారుస్తాడు. బీప్ మార్చదు." ఆ నమ్మకంతోనే పదహారేళ్లు ఏ పెట్టె ఎక్కిందో చూసింది తప్ప ఎంతసేపట్లో ఎక్కిందో ఏనాడూ చూడలేదు. ఈ రోజు దిక్కుతోచక బీప్‌ల టైములు బయటికి తీసింది. మొదటి పెట్టె మాయమైన గురువారం నాడు, ముప్పై సెకన్లలో పద్నాలుగు బీప్‌లు. అందులో ఒకటి ఇరవై ఎనిమిది కిలోల మోటారు. రెండు సెకన్లకొక పెట్టె ఎక్కించాలంటే మనిషికి రెండు చేతులు చాలవు. మిగతా రెండు రోజులూ అంతే. మూడు రోజులూ ఆ బీప్‌లు కొట్టింది ఏడో నంబరు గన్ను.

ఏడో నంబరు గన్ను ఆమె మరిదిది.

మరిది ఆ హబ్బులో లోడింగ్ సూపర్‌వైజరు. ఒక్క చోట నిలబడడు కాబట్టి అందరూ తూనీగ అంటారు. జాడలమ్మ ఆ ఇంటి కోడలిగా వచ్చేనాటికి వాడికి తొమ్మిదేళ్లు, తల్లి లేదు. ముక్కు తుడిచింది, లెక్కలు చెప్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. పెద్దయ్యాక చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ హబ్బులో చేర్చింది కూడా తనే. ఇప్పుడు ఆ టైములు అచ్చుతీసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టెల్ని మోసే బెల్టులు ఆగాక, మెట్లు దిగి వాడి దగ్గరికి బయల్దేరింది. 

కింద ఫ్లోరు ఎంత పెద్దదంటే ఈ చివర పిలిస్తే ఆ చివర వినపడదు. మొదట్లో ఇదంతా లేదు. రెండు వ్యాన్లు, ఒక రేకుల షెడ్డు, ఒక నోటు పుస్తకం, అంతే కంపెనీ. ఆ షెడ్డులో మూడో ఉద్యోగి కాటా తాత. అప్పట్లో పెట్టె పోతే యజమానే స్కూటరెక్కి ఇల్లిల్లూ తిరిగి వెతికి ఇచ్చొచ్చేవాడట. తర్వాత వ్యాన్లు లారీలయ్యాయి, లారీలు విమానాలయ్యాయి, నూటపాతిక దేశాల్లో బోర్డులు లేచాయి. యజమానిని ఫొటోలో చూడ్డమే. ఇప్పుడు ప్రతి సోమవారం గోడమీద ఒక పట్టీ అంటిస్తారు, ఏ హబ్బు ఎన్ని పెట్టెల్ని టైముకి ఎక్కించిందో. తూనీగ వచ్చాక ఈ హబ్బు వరసగా ఏడాది పాటు మొదటి స్థానంలో ఉంది. బహుమతిగా రెండో విమానం కూడా ఇచ్చారు. ఆ రోజు జాడలమ్మ పొంగిపోయి తన సెక్షన్ మొత్తానికీ టీ తాగించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

తూనీగ తన అద్దాల గదిలో ఉన్నాడు. ఆమెను చూడగానే కంప్యూటర్ తెరను కొంచెం అటువైపు తిప్పాడు. ఎప్పుడూ అలాగే తిప్పేవాడా, లేక ఈ రోజే తిప్పాడా? అనుమానం మొదలైందంటే అంతే, మనిషి గుటక వేసినా అందులో ఏదో ఉందనిపిస్తుంది.

"ఏంటి వదినా, దారి తప్పావా? ట్రేసింగ్ వాళ్లు కిందకి దిగితే మా గుండెలు దడదడలాడతాయి," అని నవ్వాడు.

"దడదడలాడేంత పని ఏం చేశావు?"

"అబ్బే, ఊరికే అన్నా. తిన్నావా?"

"తింటాలే. ముందు నువ్వు బయటికి రా. ఆ మూలనున్న పెద్ద పెట్టె ఎత్తి ఆ డబ్బాలో పెట్టి బీప్ కొట్టు."

"ఇప్పుడా? బెల్టు ఆపేశారు కదా."

"బెల్టుతో నాకేం పని? నువ్వు ఎత్తు."

వాడు వదిన మొహం ఒకసారి చూశాడు. వెళ్లి ఎత్తాడు. పెట్టె బరువుగానే ఉంది, నడుం పట్టుకుని మరీ లేచాడు. నాలుగడుగులు వేసి, డబ్బాలో సర్ది, గన్ను తీసి నొక్కాడు. జాడలమ్మ చేతి గడియారం చూస్తూ నిలబడింది.

"పంతొమ్మిది సెకన్లు. ఒకే ఒక్క పెట్టె," అంది. "మొదటి పెట్టె మాయమైన గురువారం ఇలాంటివి పద్నాలుగు, ముప్పై సెకన్లలో ఎక్కించావు. అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందిరా నీకు?"

తూనీగ మొహంలో నవ్వు ఇంకా పోలేదు గానీ కళ్లలోంచి పోయింది.

"అదా... గన్ను ఒక్కోసారి అన్నీ కలిపి ఒకేసారి పంపిస్తుంది వదినా. నెట్‌వర్క్ గొడవ."

"నా దగ్గరా నీ పప్పులుడికేది? గన్ను నొక్కిన టైమే రాస్తుంది, పంపిన టైము కాదు. ఆ సంగతి నీకు నేర్పిందే నేను. సొరుగు తియ్యి."

"ఏ సొరుగు?"

"నువ్వు కాలు అడ్డం పెట్టుకుని కూర్చునే సొరుగు."

వాడు ఆమె వెంట మళ్లీ అద్దాల గదిలోకి వచ్చాడు. సొరుగు తీశాడు. అందులో తెల్ల అట్ట ఒకటి ఉంది. దానిమీద వరసగా, ఒకదాని కింద ఒకటి, పెట్టెల లేబుళ్లకు నకళ్లు అంటించి ఉన్నాయి. నిన్నటి తారీఖువే. కుర్చీలో కూర్చుని, పెట్టెను ముట్టుకోకుండా, ఆ అట్ట మీద గన్ను జరుపుకుంటూ పోతే చాలు. బీప్, బీప్, బీప్. పద్నాలుగు పెట్టెలు విమానం ఎక్కేసినట్టే.

 జాడలమ్మ కుర్చీ లాక్కుని కూలబడింది. పదహారేళ్లు తను ప్రమాణంలా నమ్మినది ఒక అట్టముక్క మీద ఇంత తేలిగ్గా ఓడిపోయిందంటే ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది దాటింది." తూనీగ గొంతు తగ్గించాడు. "మూడూ పదికి డబ్బాలు మూసేస్తారు వదినా. ఎంత పరిగెత్తినా రోజూ పదో పదిహేనో మిగిలిపోతాయి. మిగిలితే పట్టీలో కిందకి పడతాం. పడితే రెండో విమానం ఇంకో హబ్బుకి ఇచ్చేస్తారు. విమానం పోతే దాన్ని నమ్ముకున్న రెండొందల మంది ఇంటికెళ్లాలి. నేనేం చెయ్యను? ముందు బీప్ కొట్టేసి మర్నాటి విమానంలో ఎక్కించేవాణ్ణి. ఒక్క రోజు ఆలస్యం. ఎవరికీ నష్టం లేదనుకున్నా."

"ఆ ఒక్క రోజూ పెట్టె ఎక్కడుంటుంది?"

"వెనక మూల, టార్పాలిన్ కింద."

"కంప్యూటర్ లెక్కలో?"

వాడు తల దించుకున్నాడు. "విమానంలో."

"అంటే ఆ పెట్టె కోసం ఒక రోజంతా నేలమీద ఎవరూ వెతకరు. ఎత్తుకెళ్లాలనుకున్నవాడికి అంతకంటే ఏం కావాలి?"

"నేను తీయలేదు వదినా! నీమీద ఒట్టు. ఆలస్యం చేశాను, ఒప్పుకుంటా. మాయం చెయ్యలేదు. మూడుసార్లూ పొద్దున్నే వచ్చి టార్పాలిన్ ఎత్తి చూస్తే ఒక పెట్టె తక్కువుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్తే అట్ట సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే..."

"చెప్పకపోతే కాటా తాత పోతాడు. అంతే కదా? ఆయన పోయినా ఫర్లేదనుకున్నావు."

 వాడు అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ చెవి గోక్కుంటాడని జాడలమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. అలాగని నమ్మేయాలా? తను చెవి సంగతి వాడితోనే ఎన్నిసార్లు చెప్పి నవ్వలేదు? తెలిసినవాడు చేతులు కట్టుకుని కూర్చోలేడా? ఇంట్లో మనిషిని ఇలా తూచాల్సి వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అయినా ఆమె బుర్ర ఆగలేదు. పదహారేళ్ల అలవాటు, ఒక పెట్టె వెనకాల ఒక పెట్టెలా ఆలోచనలు కదులుతున్నాయి. పద్నాలుగు పెట్టెలు ఎక్కకపోతే డబ్బా బరువు తగ్గాలి. అందుకే కాటా తాత లెక్కకూ విమానాశ్రయం లెక్కకూ తేడా వచ్చింది. తాత సరిగ్గానే తూచాడు, డబ్బాలోకి అవి చేరలేదు, అంతే. బాగుంది. కానీ విమానంలోకి తక్కువ బరువుతో డబ్బా వస్తే అక్కడ తూచి కాగితం రాసే ప్లానర్ అదే రోజు కేక పెట్టాలి కదా? ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో బరువును బట్టే నిర్ణయిస్తాడు. గ్రాము గ్రాముకీ వంద ప్రశ్నలడిగే మనిషి. ఏడాదిగా రోజూ తేడా వస్తుంటే ఒక్క రోజు కూడా అడగలేదంటే ఏమనుకోవాలి? పైగా విచారణలో "కాటాలోనే తేడా ఉంది" అని సంతకం పెట్టి రాసిచ్చింది కూడా ఆ ప్లానరే.

ఆ ప్లానర్ జాడలమ్మ భర్త.

ఆమె లేచి అద్దాల గది తలుపు మూసింది. 

"ఒరేయ్. మిగిలిపోయిన పెట్టెల సంగతి నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ..."

"అబద్ధమాడితే ఇప్పుడే మైకులో అరుస్తాను."

తూనీగ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అన్నయ్యకి. రోజూ మూడున్నరకి ఏయే పెట్టెలు మిగిలాయో ఫోన్లో పంపేవాణ్ణి. బరువు కాగితం సర్దడానికీ, మర్నాడు చోటు ఉంచడానికీ కావాలనేవాడు. అసలు ఈ అట్ట ఉపాయం చెప్పిందే అన్నయ్య. మొదటి పెట్టె పోయినప్పుడు వణికిపోతూ చెప్పాను. 'నోర్మూసుకో, నేను చూసుకుంటా' అన్నాడు."

జాడలమ్మకు ఈ నెలన్నరలో గడిచిన ప్రతి సాయంత్రమూ గుర్తొచ్చింది. తను బట్టలు ఇస్త్రీ చేస్తుంటే ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. "ఈ రోజు ఎంతవరకు వచ్చింది? ఎవరిమీద అనుమానం? ఏ కాగితాలు చూశావు?" అని అడిగేవాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఎన్నడూ లేనిది, పెళ్లాం ఉద్యోగం మీద ఇంత శ్రద్ధ పుట్టుకొచ్చిందని ఆ పిచ్చిది మురిసిపోయింది. ఉన్నదున్నట్టు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నిన్న సాయంత్రం కూడా చెప్పింది, రేపు బీప్‌ల టైములు తీయించి చూస్తానని. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా అందుకుని "మంచి ఆలోచన" అన్నాడు.

"వదినా, నా పేరు చెప్పకు," తూనీగ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్య పేరసలే చెప్పకు. ఇల్లు కూలిపోతుంది."

"కాటా తాతది ఇల్లు కాదా?"

"ఆయన ఇంకో ఏడాదిలో ఎలాగూ రిటైరవుతాడు కదా..."

చెంప ఛెళ్లుమంది. తొమ్మిదేళ్ల వయసప్పుడు కూడా వాణ్ణి కొట్టని చెయ్యి అది.  అట్టను తీసి కాగితంతో పాటు కలిపి పట్టుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. బెల్టులు మళ్లీ కదిలాయి.

నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా విచారణాధికారి గది ముందు బెంచీ మీద కాటా తాత కూర్చుని ఉన్నాడు. యూనిఫాం చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. తీసేస్తున్న ఉద్యోగానికి అంత శుభ్రంగా ఎవరొస్తారు?

"అమ్మా, నేను తప్పు తూచలేదమ్మా," అన్నాడు. "నమ్మకపోతే నన్నే కాటా ఎక్కించమను."

జాడలమ్మ ఆయన భుజం తట్టింది. "తెలుసు తాతా. కూర్చో. ఇప్పుడే వస్తా," అని లోపలికి వెళ్లింది.

ఆ అధికారి ఎవరేం చెప్పినా "ఎందుకని?" అంటాడు. "టైముకే వచ్చాను" అన్నా "ఎందుకని?" అంటాడు. అందుకే ఫ్లోరు మీద ఆయనకు ఎందుకనిగారు అని పేరు పడింది. బల్ల మీద తాత కాగితం సిద్ధంగా ఉంది, పెన్ను మూత తీసి ఉంది.

"పేరు చెప్తారా?" అన్నాడు.

"ఒకటి కాదండీ. రెండు."

"ఎందుకని?"

ఆమె అట్టను బల్ల మీద పెట్టింది. పక్కన టైముల కాగితం పెట్టింది. పంతొమ్మిది సెకన్ల సంగతి, టార్పాలిన్ సంగతి, తగ్గిన బరువు సంగతి ఒక్కొక్కటే చెప్పింది. "ఏడో నంబరు గన్ను మా మరిదిది. బరువు తేడా దాచిపెట్టి, నింద కాటా మీదకి నెట్టింది మా ఆయన. పెట్టెలు ఎవరు తీశారో నాకింకా తెలీదు. కాటా తాత మాత్రం కాదు." చెబుతుంటే కళ్లు చెమర్చాయి గానీ గొంతు ఎక్కడా తడబడలేదు.

అధికారి అట్టను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఈసారి ఎందుకని అని అడగలేదు. తాత కాగితాన్ని రెండుగా చింపి బుట్టలో వేశాడు. తలుపు తీసి, "తాతగారూ, ఇంటికెళ్లండి. రేపు పొద్దున డ్యూటీకి రండి," అన్నాడు. బెంచీ మీద ముసలాయన ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. జాడలమ్మ గుండెలోంచి పెద్ద బరువు దిగిపోయింది. కాపురం ఏమైపోయినా సరే, ఈ ఒక్క పని చేయగలిగింది. లేచి వెళ్లబోయింది.

"మీరు కూర్చోండమ్మా," అన్నాడు అధికారి తలుపు మూస్తూ. "మీరు రెండు పేర్లు చెప్పారు. నా దగ్గర మూడోది ఉంది."

సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. చూడకముందే ఆ రాత పోల్చుకుంది. గుండ్రటి అక్షరాలు, ప్రతి వాక్యం కింద చిన్న గీత. ఆమె మొగుడి రాత.

"పొద్దున పదింటికి మీ వారు స్వయంగా వచ్చి ఇచ్చారు. పోయిన పెట్టెలు మీ బీరువాలో చూశాననీ, భార్య కాబట్టి ఇన్నాళ్లూ నోరు విప్పలేకపోయాననీ రాశారు. మధ్యాహ్నం మీరు మీ మరిదితో మాట్లాడుతున్నప్పుడు మా వాళ్లు మీ ఇంటికి వెళ్లారు. తాళం మీ వారే తీశారు. మీ చీరల కింద రెండు పెట్టెలు దొరికాయి."

జాడలమ్మ ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. 

అధికారి కుర్చీ ముందుకు జరుపుకుని ఆమె కళ్లలోకి చూశాడు.

"రెండే దొరికాయి. మూడోది ఎక్కడ పెట్టారు?"